పక్క పరదా వెనక నుంచి ఒక రగ్బీ నాటకం

"ఏందే ఆ నాటకం పేరు?" అని అమ్మ ఫోన్‌లో మూడోసారి అడిగింది.

"విలాపం అమ్మా."

"ఎవరి విలాపం?"

"ఒక రగ్బీ ఆటగాడిది."

అక్కడితో ఆపేశాను. 'ఫోర్‌స్కిన్స్ లామెంట్' అన్న పేరులో మొదటి మాటకు తెలుగు అర్థం అమ్మకు చెప్పే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు. నాటకంలో అది హీరోకి టీమ్‌లోని కుర్రాళ్ళు పెట్టిన మొరటు పేరు. మనకు నవ్వొస్తుంది కానీ న్యూజీలాండ్‌లో యాభై దాటినవాళ్ళ ముందు ఆ పేరు ఎత్తితే నవ్వు ముఖం ఒక్కటీ కనబడదు. "ఓహ్, ఆ నాటకమా" అని కాసేపు ఆగుతారు. ఆ ఆగడం ఎందుకో తెలియడానికి నాకు తొమ్మిది వారాలు పట్టింది.

మేం ఉండేది హామిల్టన్‌లో. నేను మందుల షాపులో పనిచేస్తాను, మా ఆయనది సాఫ్ట్‌వేర్. పోయిన ఏడాది చలికాలం మొదలయ్యే ముందు మా షాపు గోడ మీద ఎవరో ఒక కాగితం అంటించి వెళ్ళారు. ఊళ్ళోని అమెచ్యూర్ నాటక బృందం వాళ్ళది. వేషాలకు ఆడిషన్లు ఉన్నాయి, తెర వెనక పనికి మనుషులు కావాలి, అనుభవం లేకపోయినా ఫర్వాలేదు అని ఉంది.

నాకు అనుభవం ఉంది మరి. మా నాన్న ఖమ్మం జిల్లాలో బడిపంతులు. వేసవి సెలవులొస్తే చుట్టుపక్కల ఊళ్ళలో పద్యనాటకాలకు వేషం కట్టేవాడు. ఎనిమిదేళ్ళ వయసులో నేను పక్క పరదా వెనక పీట వేసుకుని, పెట్రోమాక్స్ లైటు వెలుతురులో నోట్‌బుక్ పట్టుకుని మాట అందించేదాన్ని. నాన్న కృష్ణుడి వేషంలో రాగం తీస్తూ నా వైపు ఓరగా చూశాడంటే పద్యంలో తర్వాతి పాదం మర్చిపోయాడని గుర్తు.

దర్శకురాలు నన్ను అడిగిన మొదటి ప్రశ్న రగ్బీ తెలుసా అని. తెలీదన్నాను. "మంచిది, తెలిసినవాళ్ళు ఇప్పటికే ఎక్కువైపోయారు" అంది. ప్రాంప్టింగ్‌తో పాటు స్టేజీ సామాన్ల పని కూడా నాకే అప్పజెప్పారు.

మొదటి వారం అందరం గుండ్రంగా కూర్చుని నాటకం చదివాం. రాసినాయన గ్రెగ్ మెక్‌గీ. స్వయంగా పెద్ద స్థాయిలో రగ్బీ ఆడినవాడు, లా చదివినవాడు. నాటకం 1980లో తెర మీదికొచ్చింది. ఒక చిన్న ఊరి క్లబ్ టీమ్ కథ. మొదటి అంకమంతా ప్రాక్టీసు జరిగే రోజు రాత్రి బట్టలు మార్చుకునే గదిలో, రెండోది శనివారం మ్యాచ్ అయ్యాక తాగుడు పార్టీలో. కోచ్ టప్పర్‌కు గెలుపొక్కటే తెలుసు. ఫోర్‌స్కిన్ యూనివర్సిటీకెళ్ళి చదువుకున్న కుర్రాడు. ఆటంటే ప్రాణం, ఆ ఆట మనుషుల్ని తయారుచేసే తీరు మాత్రం మింగుడుపడదు. తలకు దెబ్బ తగిలిన కెన్ అనే ఆటగాణ్ణి మళ్ళీ మైదానంలోకి దింపుతారు. పార్టీ మధ్యలో అతను పోయాడన్న కబురు వస్తుంది. చివర ఫోర్‌స్కిన్ ఒక్కడే నిలబడి పెద్ద స్వగతం చెబుతాడు. అది ఒక ప్రశ్న దగ్గరికొచ్చి, ఆ ప్రశ్ననే మళ్ళీ మళ్ళీ అడుగుతూ ముగుస్తుంది: "వాడర్యా?"

"వాట్ ఆర్ యూ" అనే మాటను న్యూజీలాండ్ పల్లెటూరి మగవాళ్ళు నమిలి ఊసినట్టు అంటే అలా వినబడుతుంది. మామూలుగా దాని అర్థం "నువ్వేంటసలు?" అనే. మైదానంలో మాత్రం అది సవాలు. బంతి వదిలేసినా, దెబ్బకు భయపడ్డా, తాగనన్నా, సాటివాడి మీద జాలిపడ్డా ఇదే మాట. నాటకంలో క్లీన్ అనే ఆటగాడి వేషం వేస్తున్న మావోరీ కుర్రాడు (మావోరీలంటే న్యూజీలాండ్ మూలవాసులు) నన్ను మీ భాషలో దీన్ని ఏమంటారని అడిగితే ఠక్కున చెప్పాను, "చేతికి గాజులు తొడుక్కున్నావా?" అంటారని. వాడు నా చేతుల వైపు చూశాడు. రెండు చేతులకూ అరడజను చొప్పున మట్టిగాజులున్నాయి. ఇద్దరం నవ్వాం. ఆ గాజుల సంగతి మళ్ళీ వస్తుంది.

ఆ రోజే టీ తాగేటప్పుడు గొడవైంది.

బట్టలు చూసే పెద్దావిడ మాటల్లో "నేను ఆ రోజు మైదానంలో ఉన్నాను" అంది. టప్పర్ వేషం వేస్తున్నాయన కప్పు కింద పెట్టి "నేను స్టాండ్‌లో ఉన్నాను" అన్నాడు. ఏ రోజని ఎవరూ అడగలేదు. నేను ఒక్కదాన్నే అడిగాను.

25 జులై 1981, శనివారం. ఇదే ఊళ్ళో, నేను రోజూ పనికి వెళ్తూ దాటే స్టేడియం ఉన్నచోటే, అప్పట్లో రగ్బీ పార్క్ అనేవాళ్ళు. వర్ణవివక్ష నడుస్తున్న దక్షిణాఫ్రికా నుంచి స్ప్రింగ్‌బాక్స్ టీమ్ వచ్చింది. వాళ్ళను రానివ్వొద్దని సగం దేశం, ఆటకూ రాజకీయానికీ ముడిపెట్టొద్దని మిగతా సగం. ఆ మధ్యాహ్నం నిరసనకారులు కంచె లాగి పడేసి మూడు వందల యాభైమంది దాకా మైదానం మధ్యకు వెళ్ళి చేతులు పట్టుకుని నిలబడిపోయారు. ఇంతలో టౌపో నుంచి ఒకాయన చిన్న విమానం ఎత్తుకొని ఇటే వస్తున్నాడని కబురు. పోలీసులు మ్యాచ్ రద్దు చేశారు. దక్షిణాఫ్రికాలో జనం టీవీల ముందు లైవ్ కోసం తెల్లవారకముందే లేచి కూర్చున్నారట. వాళ్ళు చూసింది ఇదీ.

పెద్దావిడకు అప్పుడు ఇరవై మూడేళ్ళు. తమ్ముడి మోటార్‌సైకిల్ హెల్మెట్ పెట్టుకుని వెళ్ళింది. రద్దని ప్రకటించాక బయటికి తీసుకొస్తుంటే స్టాండ్స్ నుంచి బీరు సీసాలు పడ్డాయట. టప్పర్‌కు తొమ్మిదేళ్ళు. వాళ్ళ నాన్న పాల రైతు. వారాల ముందే టికెట్లు కొని, ఆ రోజు పాలు తీసే పని పక్క రైతుకు అప్పజెప్పి, కొడుకుని తీసుకొచ్చాడు.

"మా నాన్న ఏడవడం అదే మొదటిసారి చూశాను. ఆయనకు దక్షిణాఫ్రికా గురించి ఏమీ తెలీదు. శనివారం ఆట ఒకటే తెలుసు."

"తెలుసుకోవాలని అనుకోలేదు" అంది పెద్దావిడ.

మావోరీ కుర్రాడు పుట్టేనాటికి ఇదంతా పాత కథ. అయినా వాడే గట్టిగా మాట్లాడాడు. 1960లో ఆల్ బ్లాక్స్, అంటే న్యూజీలాండ్ జాతీయ రగ్బీ టీమ్, దక్షిణాఫ్రికా వెళ్తూ మావోరీ ఆటగాళ్ళను ఇంట్లో వదిలి వెళ్ళారు, వాళ్ళు వద్దన్నారని. 1970లో తీసుకెళ్ళారు, 'గౌరవ తెల్లవాళ్ళు' అనే హోదాలో. "1978లో ఆక్లాండ్‌లో బాస్టియన్ పాయింట్ దగ్గర మా భూమి కోసం 506 రోజులు కూర్చున్నవాళ్ళను పోలీసులొచ్చి ఖాళీ చేయించారు. దూరదేశపు నల్లవాళ్ళ కోసం హెల్మెట్లు పెట్టుకున్నవాళ్ళలో ఎంతమంది అక్కడికొచ్చారు?" అని పెద్దావిడనే అడిగాడు. ఆవిడ కోప్పడలేదు. "నేను రాలేదు" అంది.

కాసేపటికి ఆవిడే నా వైపు తిరిగి, మీ దేశం 1974లో డేవిస్ కప్ ఫైనలే వదులుకుంది కదా అంది. అమృతరాజ్ సోదరులు ఫైనల్‌కు చేరాక, అవతల ఉన్నది దక్షిణాఫ్రికా అని మన ప్రభుత్వం ఆడనివ్వలేదు. ఆట ఆడకుండానే కప్పు వాళ్ళకెళ్ళింది. ఆ సంగతి నాకు తెలీదు. తెలిసినట్టు తలూపాను.

దర్శకురాలు చప్పట్లు కొట్టి, "టీ అయిపోయింది, రెండో అంకం" అంది.

ఆ తర్వాత రాత్రిళ్ళు కూర్చుని ఆ టూర్ గురించి చదివాను. జులై నుంచి సెప్టెంబరు దాకా 56 రోజులు. రెండు వందలకు పైగా నిరసనలు, లక్షన్నర మంది జనం. ఆల్ బ్లాక్స్ కెప్టెన్ గ్రాహమ్ మౌరీ ఆడనని తప్పుకున్నాడు. సెప్టెంబరు 12న ఆక్లాండ్ ఈడెన్ పార్క్‌లో ఆఖరి టెస్ట్ జరుగుతుంటే ఒక చిన్న సెస్నా విమానం నెత్తి మీద తిరుగుతూ పిండి పొట్లాలు జారవిడిచింది. గ్యారీ నైట్ అనే ఆటగాడికి ఒకటి తగిలి కింద పడ్డాడు. లేచి ఆడాడు. ఆట ఆగలేదు, 25-22తో గెలిచారు కూడా. ఒక దేశం పిండి వర్షంలో ఆట చూస్తూ కూర్చోవడమంటే ఏంటో నాకు ఎంత చదివినా పూర్తిగా అర్థం కాలేదు. నాటకం మాత్రం వీటన్నిటికీ ముందు సంవత్సరమే వచ్చేసింది. మర్నాడు వీధుల్లో జరగబోయే తగాదాను ఆయన ముందు రోజే బట్టలు మార్చుకునే గదిలో పెట్టాడు.

ఒకే బల్ల దగ్గర కూర్చుని టీ తాగే ఇద్దరు, ఒకే రోజుకు చెరో వైపు. ఇది నాకు కొత్త కాదు. మాది ఖమ్మం, మా ఆయనది గుంటూరు. 2011లో పెళ్ళి. ఎలాంటి ఏడాదిలో చేసుకున్నామో తెలుగువాళ్ళకు చెప్పక్కర్లేదు. అప్పుడు కూకట్‌పల్లిలో ఉండేవాళ్ళం. 30 జులై 2013 సాయంత్రం మామయ్యగారు కూడా ఉన్నారు, కంటి ఆపరేషన్‌కని వచ్చి. ముగ్గురం టీవీ ముందు కూర్చున్నాం. ఢిల్లీలో కాంగ్రెస్ వర్కింగ్ కమిటీ తెలంగాణకు ఒప్పుకుందని స్క్రోలింగ్ వచ్చింది. ఎవరూ మాట్లాడలేదు. నేను లేచి వంటింట్లోకెళ్ళి పంపు తిప్పి, సింకు ముందు పది నిమిషాలు నిలబడ్డాను. కాఫీ కలిపి తెచ్చేసరికి నా కళ్ళు ఎర్రగా ఉన్నాయట. మామయ్యగారు కప్పు అందుకుంటూ "బాధపడకమ్మా" అన్నారు. ఆ తర్వాత మా ఇంట్లో ఆ మాట ఎత్తింది లేదు. రాష్ట్రం విడిపోయింది, మేం న్యూజీలాండ్ వచ్చాం, ఊరగాయ ఏ ఊరిది బాగుంటుందన్న దాని మీద తప్ప పోట్లాట లేదు.

రిహార్సల్స్ మూడో వారంలో నటులకు రగ్బీ నేర్పడానికి ఒక పాత కోచ్ వచ్చాడు. స్క్రమ్ అంటే ఇటు ఎనిమిదిమంది, అటు ఎనిమిదిమంది తలలు దూర్చి తోసుకోవడం. నాటకంలో అది చూపించం, అయినా చేయించాడు. "మెడ మీద ఆ బరువు పడితే గానీ వీళ్ళు గదిలోకి ఎలా నడిచి రావాలో తెలీదు" అన్నాడు. నిజమే. మర్నాటి నుంచి ఫార్వర్డ్స్, అంటే స్క్రమ్‌లో తోసే ఆటగాళ్ళ, వేషాలవాళ్ళు బెంచీ మీద కూర్చునే తీరే మారింది, మోకాళ్ళ మీద మోచేతులు వేసుకుని, ధాన్యం బస్తాలు దించిన హమాలీల్లా.

నాకు దొరికిన అసలు పాఠాలు సామాన్ల దగ్గర. చెవులకు చుట్టే టేపు, వాసెలిన్ డబ్బా, నారింజ ముక్కలు, బీరు క్రేట్లు, బురద అంటిన జెర్సీలు. బురదకు ఇండియన్ షాపులో ముల్తానీ మట్టి కొని కోకో పొడి కలిపాను. ఎండాక అచ్చం నిజంలా ఉంది. పాత బూట్లు దొరకడమే కష్టమైంది. ఇప్పటి రగ్బీ బూట్లు రంగురంగులుగా తేలిగ్గా ఉంటాయి, మాకు కావలసింది చీలమండ దాకా ఉండే నల్ల తోలువి. మా షాపుకొచ్చే ఒక పెద్దాయన అటక మీద నుంచి దించి ఇచ్చాడు. తిరగేసి చూస్తే అడుగున అల్యూమినియం స్ప్రిగ్స్, అంటే నేలను పట్టుకునే మేకులు, ఒక్కొక్కటి నా బొటనవేలి గోరంత వెడల్పు, అంచులు అరిగి కత్తిలా తేలాయి. కింద పడినవాణ్ణి దాంతో తొక్కుకుంటూ వెనక్కి లాగేవాళ్ళట, బంతి బయటికి రావడానికి. అప్పట్లో అది రూల్సు ప్రకారమే. అరచేతికి ఆనించి నొక్కితే ఆరు గుంటలు పడ్డాయి. కెన్ తలకు తగిలింది ఇదీ అనుకున్నాను. అంతవరకు ఆ చావు నాకు కాగితం మీద ఒక సంఘటన మాత్రమే.

ఇక వాసన. దర్శకురాలికి మొదటి వరుస దాకా లినిమెంట్, అంటే ఒంటి నొప్పులకు రాసుకునే మందు, వాసన కొట్టాలని పట్టుదల. ఇక్కడి ట్యూబుల్లో వాసన చప్పగా ఉంది. మా షాపులో ఉన్న రకాలన్నీ పట్టుకెళ్ళాను, ఊహూఁ అంది. చివరికి ఇంట్లోంచి అమృతాంజనం సీసా తీసుకెళ్ళి బెంచీ కింద మూత తీసి పెట్టాను. టప్పర్ లోపలికి రాగానే ఆగిపోయి, "మా నాన్న వాసన" అన్నాడు. ఆ సీసా మా కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారిదనీ, ఆంధ్ర రాష్ట్రం కోసం కొట్లాడినవాళ్ళలో ఆయనొకరనీ, కోస్తావాళ్ళకూ రాయలసీమవాళ్ళకూ 1937లో ఒప్పందం కుదిరింది మద్రాసులో ఆయన ఇంట్లోనేననీ చెప్పబోయి ఊరుకున్నాను. మన తగాదాలు విప్పితే వాళ్ళ మూడో అంకమవుతుంది.

గాజులు తీయాల్సివచ్చింది. వింగ్‌లో పేజీ తిప్పినప్పుడల్లా గలగల వినబడుతోందని దర్శకురాలు మొహమాటపడుతూ చెప్పింది. రోజూ తీసి, టేపు చుట్టలున్న డబ్బాలో పెట్టేదాన్ని. గాజులు లేని చేతులతో, పదిమంది మగవాళ్ళు అరుచుకునే నాటకానికి పుస్తకం పట్టుకుని చీకట్లో కూర్చోవడం. మొదటి రెండు రోజులు చేతులు నావి కానట్టే ఉన్నాయి.

ప్రాంప్టింగ్‌లో నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. మన దగ్గర ప్రాంప్టర్ నటుడి కంటే అరక్షణం ముందు నడవాలి. ఇక్కడ అలా కాదు. నటుడు "లైన్" అని అడిగితేనే అందించాలి, అడగకపోతే నోరు మెదపకూడదు. ఆరో వారంలో హీరో కుర్రాడు మొదటిసారి పుస్తకం లేకుండా చివరి స్వగతం చెబుతున్నాడు. బాగా చెబుతున్నాడు. ఆఖరి ప్రశ్న ముందు ఆగాడు. నా వైపు ఓరగా చూసినట్టనిపించింది. మా నాన్న చూపే. నోట్లోంచి మాట జారిపోయింది, "వాడర్యా?" అని, మా ఖమ్మం యాసలో, హాలంతా వినబడేట్టు.

కుర్రాడు మర్చిపోలేదు. అది అతను కావాలని తీసుకున్న విరామం.

ఎవరైనా నవ్వుతారేమో అనుకున్నాను. నవ్వలేదు. చీకట్లోంచి ఒక ఇండియన్ ఆడమనిషి గొంతు ఆ ప్రశ్న అడగడం వాళ్ళకు ఎలా వినబడిందో నాకు తెలీదు. నాకు మాత్రం నన్నే అడిగినట్టు వినబడింది. పౌరసత్వం తీసుకున్న రోజు రాణిగారి మీద ప్రమాణం చేసి, చేతికిచ్చిన చిన్న మొక్క ఇంటికి తెచ్చుకున్నప్పుడు కూడా ఆ ప్రశ్న నా దాకా రాలేదు. టీ దగ్గర ఆ ముగ్గురూ పోట్లాడుకున్నాకే, ఈ దేశం తగాదాలో నాకూ ఒక కుర్చీ ఉందనిపించింది. దర్శకురాలు మాత్రం నన్ను పక్కకు పిలిచి "ఇంకోసారి అలా చేయకు" అంది. రెండోసారి చేయలేదు.

ప్రదర్శనలు ఎనిమిది. తొంభై కుర్చీల హాలు. నా అభిప్రాయం అడిగితే నాటకంలో రెండో అంకం కాస్త ఉపన్యాసంలా సాగుతుంది, ఆడవేషాలకు చర్చ తప్ప జీవితం తక్కువ. కానీ చివరి పది నిమిషాలకు ఎదురు లేదు. మొదటి రోజు ఆఖరి ప్రశ్న పడ్డాక లైటు ఆరిపోతే, నేను లోపల్లోపల అంకెలు లెక్కపెట్టుకున్నాను, పదకొండు దాకా చప్పట్లు లేవు. మా ఊళ్ళో అయితే ఈపాటికి వన్స్‌మోర్ కేకలు పడేవి. మూడో రోజు ముందు వరుసలో ఒక ముసలాయన మధ్యలో లేచి వెళ్ళిపోయాడు. కోపమా, కాళ్ళ నొప్పులా, ఎవరికీ తెలీదు. పెద్దావిడకూ టప్పర్‌కూ మధ్య రాజీ ఏమీ కుదరలేదు. కాకపోతే ఆయన కోటుకు గుండీ ఊడితే ఆవిడే కుట్టేది, కుడుతూ "మీ నాన్న స్టాండ్‌లో సీసా పట్టుకున్నవాడు కాదుగా?" అనేది, ఆయన "దూరం సరిపోలేదు" అనేవాడు.

ఆఖరి ఆటకు మా ఆయన వచ్చాడు. అయ్యాక సెట్ విప్పి, జెర్సీలు ఉతకడానికి మూటగట్టి, పెద్దాయన బూట్లు గుడ్డతో తుడిచి సంచిలో పెట్టి, టేపు డబ్బాలోంచి గాజులు తీసి తొడుక్కునేసరికి పదకొండు దాటింది. ఒకటి చిట్లింది, పారేశాను.

కారులో ఇద్దరం మాట్లాడలేదు. స్టేడియం దగ్గర సిగ్నల్ పడింది. వాన తుంపర, వైపర్లు తిరుగుతున్నాయి. ఆయన స్టీరింగ్ మీద చేతులుంచి ముందుకే చూస్తూ అడిగాడు:

"ఆ రోజు వంటింట్లో చాలా సేపు ఏడ్చావు కదా. మా నాన్న చనిపోయేదాకా చెప్పేవాడు, కోడలు మన బాధ తన బాధనుకుందని."

"ఏడవలేదు. నవ్వాను. ఆపుకోలేక పంపు తిప్పాను."

సిగ్నల్ పచ్చపడింది. కారు కదల్లేదు. వెనకాల ఎవరో హారన్ కొట్టారు, ఈ ఊళ్ళో అది ఎప్పుడో గానీ వినబడదు.